"ఏం కాదు, ఎక్కరా!"

మనవాళ్ళ నోట్లోంచి వచ్చే మాటల్లో నాకు అన్నిటికన్నా భయం వేసే మాట ఒకటుంది. "ఏం కాదు". "ఏం కాదు, ఎక్కు." "ఏం కాదు, ఒక్క పెగ్గేగా." "ఏం కాదు, ఇంకో రెండు గారెలు వేసుకో." "ఏం కాదు, శుక్రవారం సాయంత్రమే డిప్లాయ్ చేసేద్దాం." ఆఖరిదాని సంగతి మా టీం వాళ్ళనడిగితే కథలు కథలుగా చెప్తారు :) ఈ టపా మాత్రం మొదటిదాని గురించి. ఇందులో విలన్ నేనే అని ముందే చెప్పేస్తున్నా. చదివాక తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి.

రెండేళ్ళ క్రితం మాట. లాంగ్ వీకెండ్ వచ్చిందని అయిదుగురం కలిసి వ్యాన్ అద్దెకి తీసుకుని ఒక పెద్ద పార్కుకి బయల్దేరాం. పార్కు పేరు ఇక్కడ అనవసరం, జరిగినదాంట్లో వాళ్ళ తప్పు వీసమెత్తు లేదు. వెళ్ళేముందు రోజు రాత్రి వీడియోలు చూస్తుంటే ఒక రోలర్ కోస్టర్ కనపడింది. అందరూ నిలబడి ఉన్నారు! సీట్లో కూర్చుని కాదు, బస్సులో నుంచున్నట్టు నుంచుని లూపులు కొడుతున్నారు. ఇక నా నోరు ఊరుకుంటుందా? "ఇంటర్ రెండేళ్ళూ ఆర్టీసీ బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడి కాలేజీకి పోయినోళ్ళం, మనకి నిలబడి పోవడం ఒక లెక్కా!" అన్నాను. అందరూ నవ్వారు. మావాడొకడు మాత్రం నవ్వలేదు.

"మీరు ఎక్కండి, నేను కింద బ్యాగులు చూసుకుంటా" అన్నాడు. అది మొదటిసారి.

పార్కులో ఆ కోస్టర్ దగ్గర గంటన్నర లైను. మిట్టమధ్యాహ్నం ఎండ. పొద్దున త్వరగా చేరాలని ఎవరం సరిగ్గా తినలేదు కూడా. లైన్లో సగం దాకా మాతో కబుర్లు చెప్తూ వచ్చి "నేను ఇక్కణ్ణించి వెనక్కి పోతాన్రా" అన్నాడు. రెండోసారి. చొక్కా పట్టుకుని ఆపాను.

మెట్లెక్కి ప్లాట్‌ఫాం మీదకి వచ్చాక, ఎదురుగా రైలు ఆగి ఉండగా, మూడోసారి అన్నాడు. "వద్దురా, ప్లీజ్." అప్పుడు నేనన్న మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. "చిన్నపిల్లలు ఎక్కుతున్నారు, నీకేం రోగం?"

ఎక్కాడు.

సరే, అసలు ఆ ఎక్కడం ఎలా ఉంటుందో చెప్తాను. మామూలు కోస్టర్‌లో కూర్చుంటాం, బార్ కిందకి లాక్కుంటాం, అయిపోయింది. ఇక్కడ అలా కాదు. నిలబడిన చోట కాళ్ళ మధ్యలోకి సైకిల్ సీటు లాంటిది ఒకటి ఉంటుంది. మన ఎత్తుకి తగ్గట్టు అది పైకీ కిందకీ జరుగుతుంది. భుజాల మీదనుంచి ఇంకొక చట్రం వచ్చి బిగుసుకుంటుంది. అందరూ సర్దుకున్నాక ఆపరేటర్ బటన్ నొక్కితే ఆ సైకిల్ సీటు ఎక్కడుంటే అక్కడే లాక్ అయిపోతుంది. ఇక దిగేదాకా అది కదలదు. కిటుకంతా ఆ ఒక్క క్షణంలోనే ఉంది. కాళ్ళు నిటారుగా చాపి నిలబడి ఉండగా లాక్ అయిందనుకోండి, తర్వాత బరువు పెరిగి మోకాళ్ళు కాస్త వంగగానే మొత్తం శరీరం బరువు ఆ సీటు మీదే పడుతుంది. ఎక్కడ పడుతుందో విడమర్చి చెప్పక్కర్లేదనుకుంటా :( మోకాళ్ళు కొంచెం వంచి లాక్ చేయించుకుంటే నిటారుగా నిలబడ్డప్పుడు కాస్త ఖాళీ మిగులుతుంది. ఈ సంగతి నాకు దిగాకే తెలిసింది.

గొలుసు లాగుతుంటే టకటకమని పైకి పోతాం. కూర్చున్నప్పుడు వెనక్కి వాలి ఆకాశం చూస్తాం కదా, నిలబడితే పిక్కల్లో వణుకు తెలుస్తుంది. పాదం కింద ఒక పలక, దానికింద చెట్ల తలలు. పైన ఒక్క క్షణం అన్నీ ఆగినట్టుంటుంది. దూరంగా పార్కింగ్‌లో మా వ్యాన్ అగ్గిపెట్టంత కనపడింది. తర్వాత నేల మాయమైపోయింది. కూర్చున్నవాడికి పడిపోతున్నప్పుడు కడుపులో తెలుస్తుంది, నిలబడ్డవాడికి అరికాళ్ళలో తెలుస్తుంది. మెట్టు ఉందనుకుని అడుగేస్తే లేనప్పుడు గుండె జారుతుందే, అదే, కాకపోతే నూటయాభై అడుగులు. కింద మలుపు తీసుకునేటప్పుడు మొత్తం తిరగబడుతుంది. ఎవరో భుజాల మీద ముగ్గురు మనుషుల్ని కూర్చోబెట్టినట్టు మోకాళ్ళు వాటంతటవే వంగుతాయి. లూపు పైన తల కిందులుగా, కాళ్ళు ఆకాశంలోకి... నేను అరిచిన అరుపు నాకే వినపడలేదు. భుజాల చట్రానికి చెవులు అటొకటి ఇటొకటి కొట్టుకున్నాయి.

నిజం చెప్పొద్దూ, నాకు తెగ నచ్చింది. ఇప్పటికీ నచ్చుతుంది. ఈ టపా కోస్టర్ల మీద కోపంతో రాస్తున్నది కాదు.

రైలు ఆగింది. పక్కకి తిరిగి "చూశావా, ఏమైనా అయిందా?" అన్నాను. మావాడి తల ముందుకి వాలి ఉంది. మొహం పిండిలా తెల్లగా ఉంది. రెండు మూడు సెకన్లకి కళ్ళు తెరిచి, ఎక్కడున్నాడో తెలియనట్టు చూశాడు. అక్కడి స్టాఫ్ వెంటనే వచ్చారు, చట్రం తీసి పట్టుకుని దింపి కూర్చోబెట్టారు. నీళ్ళిచ్చారు. నర్సుని పిలిపించారు. గంట తర్వాత లేచి నడిచాడు. మిగతా రోజంతా ఎవరం ఏమీ ఎక్కలేదు. తిరుగు ప్రయాణంలో నాలుగు గంటలు వ్యాన్‌లో పాటలు కూడా పెట్టలేదు.

రాత్రి నీళ్ళ కోసం లేస్తే వంటింట్లో మావాడు మాత్ర వేసుకుంటూ కనపడ్డాడు. బీపీ మాత్ర. వయసు ఇరవై ఏడు.

"ఎప్పట్నించి?"

"ఏడాదిన్నర."

"ముందే చెప్పొచ్చు కదరా..."

"మూడుసార్లు చెప్పాను కదరా, వద్దని."

నా దగ్గర జవాబు లేదు. "నీకేం రోగం" అని అడిగింది నేనే కదా. నలుగురి ముందు, వెనకాల వందమంది లైన్లో ఉండగా, వాడు ఆ ప్రశ్నకి నిజం జవాబు చెప్తాడని ఎలా అనుకున్నాను?

ఆ తర్వాత కొన్నాళ్ళు ఈ నిలబడే కోస్టర్ల గురించి పిచ్చిగా చదివాను. తప్పు చేసినప్పుడు ఇంజనీరుగాడు చేసే పని అదే కదా, రూట్ కాజ్ వెతకడం. లెక్క చూస్తే ఇలా ఉంది.

మనం మామూలుగా నిలబడినప్పుడు గుండెకీ పాదాలకీ మధ్య దాదాపు 1.3 మీటర్ల రక్తపు స్తంభం ఉంటుంది. దాని బరువువల్ల పాదాల దగ్గర అదనంగా పడే ఒత్తిడి, బీపీ కొలిచే పాదరసం లెక్కలో, సుమారు 100 మిల్లీమీటర్లు. ఇలాంటి కోస్టర్లలో లూపు అడుగున నాలుగు జి దాకా వస్తుంది, అంటే అన్నీ నాలుగింతల బరువు. 70 కిలోల మనిషి 280 కిలోలవుతాడు. ఆ 100 కాస్తా 400 అవుతుంది. రక్తం కాళ్ళల్లోకి జారుతుంది. ఇక పైకి చూద్దాం. గుండెనుంచి మెదడుకి సుమారు 30 సెంటీమీటర్లు. మామూలుగా అంత ఎత్తు ఎక్కడానికి 23 మిల్లీమీటర్ల ఒత్తిడి ఖర్చవుతుంది. నాలుగు జి దగ్గర 90 పైచిలుకు. గుండె కొట్టే 120లో 90 దారిఖర్చులకే పోతే మెదడుకి మిగిలేది ఎంత? అందుకే ముందు రంగులు వెలిసిపోతాయి, తర్వాత చుట్టూ చీకటి కమ్ముతుంది. చాలామందికి ఏమీ కాకపోవడానికి కారణం ఇదంతా ఒకటి రెండు సెకన్లలో అయిపోవడం, మెదడు అంతసేపు నెట్టుకురాగలగడం.

కూర్చున్నా గుండెకీ మెదడుకీ దూరం అంతే. మరి తేడా ఎక్కడ? కాళ్ళలో. కూర్చుంటే కాళ్ళు మడిచి ఉంటాయి, స్తంభం పొట్టిది. నిలబడితే నిలువెత్తు గొట్టం. ఆగస్టు 15న స్కూల్లో ఎండలో కదలకుండా నిలబెడితే ఒకరిద్దరు పిల్లలు దబ్బున పడిపోయేవాళ్ళు గుర్తుందా? అది ఒక్క జి దగ్గరే! యుద్ధవిమానం నడిపేవాళ్ళ బట్టలు కాళ్ళనీ పొట్టనీ గట్టిగా నొక్కి పట్టేది ఈ రక్తం కిందకి జారకుండానే. ఎఫ్-16లో సీటు 30 డిగ్రీలు వెనక్కి వాల్చిందీ పైలట్ జి తట్టుకోవాలనే. అంత శిక్షణ ఉన్నవాళ్ళకే అన్ని ఏర్పాట్లు కావాలి. మేమేమో గంటన్నర ఎండలో నిలబెట్టి, ఖాళీ కడుపుతో, బీపీ మాత్ర వేసుకునే మనిషిని తోసుకెళ్ళి ఆ గొట్టంలో నిలబెట్టాం. నేను డాక్టర్ని కాను, మావాడికి కళ్ళు తిరిగింది వీటిలో దేనివల్లో చెప్పలేను. కానీ గుండె, మెడ, నడుము సమస్యలున్నవాళ్ళు, గర్భిణులు ఎక్కవద్దని ప్రవేశం దగ్గర నిలువెత్తు బోర్డు ఉంది. ఆ బోర్డు పక్కన నిలబడి ఫోటో కూడా దిగాం. చదవలేదు.

ఇప్పుడు అసలు గొడవకి వస్తా. ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు ఎదురయ్యే వాదనలు నాలుగు.

ఒకటి. "లక్షలమంది ఎక్కుతున్నారు, ఎవరికీ ఏం కాలేదే." నిజమే, ఈ యంత్రాలు చాలా భద్రమైనవి, నేను ఒప్పుకుంటా. ఆ రోజు యంత్రం చెయ్యాల్సిన పని అచ్చు గుద్దినట్టు చేసింది. కానీ ఇది మన ఫీల్డులో "నా మెషీన్లో బాగానే పనిచేస్తోంది" అనే జవాబు లాంటిది. క్లయింట్ మెషీన్లో పడిపోతుంటే నీ మెషీన్ గోల ఎవడికి కావాలి? లక్షమంది సగటు గురించి మాట్లాడేవాడికి పక్కనున్న ఒక్కడి గురించి తెలియదు. ఆ ఒక్కడి గురించి తెలిసినవాడు వాడొక్కడే. వాడేమో వద్దంటున్నాడు.

రెండు. "భయం పోవాలంటే ఎక్కాల్సిందే." మా ఊళ్ళో ఈత రెండు రకాలుగా నేర్పేవాళ్ళు. నడుముకి బెండు కట్టి బావిలోకి దింపడం ఒకటి, వెనకనుంచి తోసెయ్యడం ఇంకొకటి. తోసేసినవాళ్ళలో ఈత వచ్చినవాళ్ళే ఇప్పుడు మీసం మెలేసి కథ చెప్తారు. జన్మలో మళ్ళీ బావి గట్టెక్కనివాళ్ళు కథ చెప్పరు కాబట్టి మనకి వినపడదు. భయం తనంతట తాను అడుగేసినప్పుడు పోతుంది. తోస్తే భయం పోదు, తోసినవాడి మీద నమ్మకం పోతుంది.

మూడు. "టికెట్ డబ్బులు వేస్ట్ కదా." పోయిన డబ్బులు ఎక్కినా రావు, ఎక్కకపోయినా రావు. ఎక్కి కళ్ళు తిరిగి పడితే మిగతా నలుగురి రోజు కూడా పోతుంది. మాకు పోయింది.

నాలుగు. "అబ్బా, సరదాకి అన్నాం, అంత సీరియస్ ఎందుకు?" సరదా అంటే అందరూ నవ్వేది. ఆ రోజు నవ్వింది నలుగురం. అయిదోవాడు నవ్వలేదని నేను ముందు రోజు రాత్రే చూశాను.

వీటన్నిటి వెనకా దాక్కున్న అసలు వాదన ఇంకొకటుంది. ఎవరూ పైకి అనరు. "వద్దంటే కారణం చెప్పాలి. చెప్పకపోతే వాడు పిరికివాడు." నాకు చిర్రెత్తుకొచ్చేది దీనికే. కారణం చెప్తేనే చెల్లే "వద్దు" ఒక "వద్దా"? బీపీ అని చెప్తే "ఈ వయసులో బీపీ ఏంట్రా తాతా" అని ఏడాదంతా ఏడిపిస్తాం. నడుం నొప్పంటే వెకిలి జోకులేస్తాం. భయమంటే అయిపోయాడే. అమ్మాయి వద్దంటే చెవిలో గుసగుసలు. చెప్పే దారులన్నీ మనమే మూసేసి, తర్వాత "ముందే చెప్పొచ్చు కదరా" అంటాం. నేను అన్నాను కదా, వంటింట్లో నిలబడి, చాలా బాధగా మొహం పెట్టి.

ఆ కోస్టర్లు తయారుచేసినవాళ్ళు మనలా ఆలోచించలేదు, అదీ నాకు నచ్చిన సంగతి. 1895లో న్యూయార్క్ కోనీ ఐలండ్‌లో ఫ్లిప్ ఫ్లాప్ అని ఒక లూపు కట్టారు. గుండ్రటి లూపు. గుండ్రంగా ఉండటంవల్ల లోపలికి వెళ్ళేటప్పుడే ఒక్కసారిగా బరువు పడి జనాల మెడలు పట్టేసేవి. దానికి మందు మెడలు గట్టిచేసుకోమని చెప్పడం కాదు, లూపు ఆకారం మార్చడం. 1976లో కాలిఫోర్నియా మ్యాజిక్ మౌంటెన్‌లో రివల్యూషన్ వచ్చినప్పుడు లూపు గుండ్రంగా లేదు, కన్నీటిచుక్కలా ఉంది. అడుగున వెడల్పు, పైన ఇరుకు. బరువు మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది. ఇప్పుడు మనం తిరిగే లూపులన్నీ దాని పిల్లలే.

నిలబడే కోస్టర్ల కథా అంతే. 1982లో జపాన్‌లో టోగో అనే కంపెనీ మొదలుపెట్టింది. 1984లో అమెరికాలో కింగ్ కోబ్రా వచ్చింది. 1990ల్లో స్విట్జర్లాండ్ నుంచి బి అండ్ ఎం కంపెనీ దిగి వరసగా కట్టింది. 1996లో మాంటిస్, 1998లో రిడ్లర్స్ రివెంజ్. ఈ రెండోది 156 అడుగుల ఎత్తు, గంటకి 105 కిలోమీటర్ల వేగం, ఆరుసార్లు తలకిందులు. 1999లో జార్జియా స్కార్చర్. ఆ తర్వాత గాలి తిరిగిపోయింది. జనం ఒకసారి ఎక్కి కాళ్ళ మధ్య నొప్పి, చెవుల దెబ్బలతో దిగుతున్నారు, రెండోసారి రావట్లేదు. మాంటిస్‌లో 2015లో నిలబడే రైళ్ళు తీసేసి కూర్చునేవి పెట్టారు, పేరు కూడా రూగరూ అని మార్చారు. అదే పట్టాలు, అవే లూపులు, మనిషిని కూర్చోబెట్టారంతే. 2023లో అదే బి అండ్ ఎం ఓర్లాండో సీవరల్డ్‌లో పైప్‌లైన్ అని కొత్తది కట్టింది. అందులోనూ నిలబడే ఉంటారు. కానీ సీటు లాక్ అయి ఉండదు, మోకాళ్ళు వంగితే మనిషితోపాటు కిందకి, లేస్తే పైకి జరుగుతుంది.

1999 నుంచి 2023. ఇరవై నాలుగేళ్ళు పట్టింది, "శరీరం వంగుతుంది, సీటే దానికి తగ్గట్టు కదలాలి" అని ఉక్కుతో చెప్పడానికి. మనం మాత్రం ఇంకా సీటుకి తగ్గట్టు మనిషిని బిగిస్తున్నాం. యూజర్‌కి నొప్పి వస్తే యూజర్ నిలబడటం రాదంటున్నాం.

ఇంకో చిన్న విషయం చెప్పి ముగిస్తా. అమెరికా పార్కుల్లో ప్లాట్‌ఫాం మీద రైలు పక్కనే ఒక దారి ఉంటుంది. ఆఖరి నిమిషంలో మనసు మార్చుకున్నవాళ్ళు రైలు ఎక్కకుండా నేరుగా బయటకి వెళ్ళడానికి. జనం దానికి వేళాకోళంగా చికెన్ ఎగ్జిట్ అని పేరు పెట్టారు, పిరికివాళ్ళ దారి అని. నాకిప్పుడు ఆ స్టేషన్ మొత్తంలో గొప్ప ఇంజనీరింగ్ అదే అనిపిస్తుంది. మనిషి ఏ క్షణంలోనైనా వద్దనొచ్చు, వద్దంటే పోవడానికి దారి ఉండాలి, కారణం అడగకూడదు అని ఎవరో కూర్చుని ఆలోచించి కట్టారు. ఆ రోజు ఆ దారికి అడ్డంగా నిలబడింది నేను.

అందుకని ఇప్పుడు నా మట్టుకు నాకు ఒకటే రూలు. ఒక్కసారి అడుగుతా. "వద్దు" అంటే రెండోసారి అడగను, కారణం అసలే అడగను. తర్వాత వాళ్ళకే ఎక్కాలనిపిస్తే గంటన్నర లైను మళ్ళీ నిలబడతా.

మొన్న సెలవులకి ఇంటికొచ్చినప్పుడు చుట్టాల పిల్లలందరితో హైదరాబాద్ వండర్లాకి వెళ్ళాం. అక్కడ రీకాయిల్ అని ముందుకి వెళ్ళి మళ్ళీ వెనక్కి అదే దారిలో లూపు తిరిగే కోస్టర్ ఉంది. మా పిన్ని కూతురు, పన్నెండేళ్ళది, దాన్ని చూసి రెండడుగులు వెనక్కి వేసింది. వెంటనే బాబాయి మొదలుపెట్టాడు. "ఏం కాదు తల్లీ, అన్నయ్య ఉన్నాడుగా, ఎక్కు."

"బాబాయ్, మీరు వెళ్ళిరండి. మేమిద్దరం బ్యాగులు చూసుకుంటాం" అన్నాను.